తిరుపతి ఎండల్లో చిన్న పామ్ మొక్కలు: మొవ్వు ఎండకుండా, కుళ్లకుండా చూసుకోవడం

పామ్ మొక్కకు ప్రాణం ఒక్కచోటే ఉంటుంది. మట్టల నడుమ ఈటెలా నిలబడి, ఇంకా విచ్చుకోని ఆకు కనిపిస్తుంది చూడండి, అదే మొవ్వు. మామిడికో మందారానికో కొమ్మ ఎండితే పక్కనుంచి ఇంకో చిగురు వేస్తుంది. పామ్‌కు ఆ వెసులుబాటు లేదు. మొవ్వు అడుగున ఉన్న లేత గుజ్జు చచ్చిపోతే ఆ కాండం పని అయిపోయినట్టే. అరెకా, రాఫిస్ లాంటి గుబురు రకాలకు పక్క పిలకలు ఉంటాయి కాబట్టి మిగతావి బతుకుతాయి, అంతే. అందుకే ఆకుల కొసలు మాడాయని కంగారు పడేవాళ్లకు మొదట చెప్పాల్సిన మాట: ఆకును కాదు, మొవ్వును చూడండి.

మొక్క ఎలా ఉందో తెలుసుకోవడానికి ఒక మార్కర్ పెన్ను చాలు. మొవ్వు మీద, దాన్ని ఆనుకుని ఉన్న మట్ట కాడ మీద ఒకే ఎత్తులో అడ్డంగా గీత గీయండి. పది రోజులకు మొవ్వు మీది గీత పక్క గీతకన్నా పైకి జరిగితే వేర్లు పనిచేస్తున్నాయని అర్థం. ఆగస్టులో వేలెడు జరిగే గీత మే నెలలో కుండీ మొక్కకు నువ్వుగింజంత కూడా జరగకపోవచ్చు. అది జబ్బు కాదు, ఎండకు మొక్క పెరుగుదల ఆపుకోవడం. కానీ జూలైలో వానలు పడ్డాక కూడా గీత కదలకపోతే వేర్లలోనో మొవ్వులోనో లోపం ఉన్నట్టే. ఈ గీత చూడకుండా, 'ఎదగడం లేదు' అని మే నెలలో ఎరువు వేసేవాళ్లు చాలామంది ఉంటారు. దాంతో ఉన్న వేర్లు కూడా మాడతాయి.

ఎడారి ప్రాంతాల్లో పామ్ పెంపకం గురించి చెప్పే సలహాల్లో సగమే మనకు పనికొస్తాయి. అరిజోనాలోనో దుబాయ్‌లోనో ఎండ, పొడిగాలి, ఉప్పు నీళ్లు, ఈ మూడింటితోనే పోరాటం. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి వైపు ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా మనదీ అదే పరిస్థితి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది ఊరికే అన్న మాట కాదు. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కథ తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాలు వచ్చి, ఒక వాయుగుండం పడితే నాలుగైదు రోజులు నేల ఆరదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మరచిపోలేదు. కాబట్టి ఇక్కడ చేసే ప్రతి ఏర్పాటూ రెండు పరీక్షలు నెగ్గాలి: మేలో వేరు మాడకూడదు, నవంబరులో మొవ్వు కుళ్లకూడదు. మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు ఎండ కాస్త తక్కువ కాబట్టి అక్కడివాళ్లు కింద చెప్పిన నీడ, నీళ్ల లెక్కలు కొంచెం తగ్గించుకోవచ్చు.

ఏ రకం, ఎక్కడ

ఇంటి ముందు, నేలలో పెట్టుకోవడానికి అన్నిటికన్నా నమ్మకమైనది ఫీనిక్స్ రోబెలిని, అంటే పొట్టి ఈత. నర్సరీల్లో ఉత్త 'ఫీనిక్స్' అంటే ఇదే ఇస్తారు. ఆరేడు అడుగుల ఎత్తులో చాలా ఏళ్లు నిలుస్తుంది. దీని సొంత ఊరు లావోస్, వియత్నాం, దక్షిణ చైనా నదుల ఒడ్డు. కాబట్టి 'ఈత జాతి కదా, నీళ్లు అక్కర్లేదు' అనుకోవద్దు. వేరుకు తడి ఉంటే ఎండను ఓర్చుకుంటుంది, తడి ఆరితే నెలలోనే కింది మట్టలు ఎండుతాయి. మట్ట మొదట్లో సూదుల్లాంటి ముళ్లుంటాయి, పిల్లలు ఆడుకునే దారి పక్కన పెట్టకండి.

బాటిల్ పామ్ మారిషస్ దగ్గరి రౌండ్ ఐలండ్‌ది. నిండు ఎండ తట్టుకుంటుంది, కాండం సీసాలా లావెక్కుతుంది. నీళ్లు నిలిస్తే మాత్రం ఓర్చుకోదు. అరెకాకు పొద్దుటి ఎండ చాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే ఆకు పసుపు తిరిగి, కొసలు కాలుతాయి. రాఫిస్, చామెడోరియా రెండూ నీడ మొక్కలు, వరండాకో కిటికీ వెలుతురుకో సరిపోతాయి. ఏసీ గాలి నేరుగా తగలకపోతే చాలు. ఫాక్స్‌టెయిల్ పామ్ మూడడుగులప్పుడు ముద్దుగా ఉంటుంది గానీ అది ముప్పై అడుగులు పెరిగే చెట్టు. చిన్న పామ్ కావాలనుకునేవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

'సాగో పామ్' పేరుతో అమ్మే సైకస్ అసలు పామ్ కాదు, దాని గింజలు విషం. పెంపుడు కుక్కలు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లలో జాగ్రత్త. ఇంకో మాట. శేషాచలం కొండల్లో చిట్టీత పెరుగుతుంది. అక్కడే పుట్టి అక్కడే పెరిగే సైకస్ బెడ్డోమి కూడా ఉంది. కొండ మీద రాళ్ల మధ్య బతికే మొక్క మన మిద్దె మీద ఇంకా బాగా బతుకుతుందనుకుని తవ్వి తెచ్చుకోవద్దు. అది నేరం. పైగా తవ్వినప్పుడు తెగిన వేర్లతో ఆ మొక్క ఎలాగూ నిలవదు.

కొనేటప్పుడు, తెచ్చాక

మన నర్సరీల్లో పామ్ మొక్కలు చాలావరకు గోదావరి వైపు కడియం నుంచి వస్తాయి. అవి షేడ్ నెట్ కింద, గోదావరి గాలి తేమలో పెరిగినవి. మొవ్వు నిటారుగా, గట్టిగా, లేత ఆకుపచ్చగా ఉందో లేదో చూసి కొనండి. మొదలు పట్టుకుని మెల్లగా ఊపితే కవర్లోని మట్టి ముద్దతో కలిసి కదలాలి. ముద్దలో ఉత్త కాండమే కదిలితే వేర్లు లేవని లెక్క. ఆకు తిప్పి అడుగు భాగం చూడండి. తెల్లటి దూదిలా ఉంటే పిండినల్లి, సన్నటి సాలెగూడు కనిపిస్తే ఎర్రనల్లి.

ఇంటికి తెచ్చిన రోజే ఎండలో పెట్టకండి. ఆకు మీద కాగితం రంగు మచ్చలు పడి, ఆ మచ్చలు ఇక పోవు. మొదటి వారం పూర్తి నీడ, రెండో వారం ఉదయం 8 దాకా ఎండ, మూడో వారం 10 దాకా, నాలుగో వారం తర్వాత అసలు చోటు.

నర్సరీ మట్టి ముద్దతో ఒక చిక్కుంది. అది తరచుగా జిగట మట్టి. ఒకసారి ఎండిందంటే ఇటుకలా గట్టిపడి నీళ్లను లోపలికి రానివ్వదు. చుట్టూ మీరు వేసిన మట్టి తడిగా కనిపిస్తుంది, లోపల వేర్లు మాత్రం దాహంతో ఉంటాయి. అందుకని నాటే ముందు కవరుతో సహా ముద్దను బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా, సుమారు అరగంట, నానబెట్టండి. తర్వాత సైకిల్ పుల్లలాంటి సన్నటి కమ్మీతో పైనుంచి ఐదారు చోట్ల గుచ్చండి. కవరును బ్లేడుతో చీల్చి తీయాలి, మొక్కను పట్టుకుని లాగకూడదు. ముద్దను చిదిమి వేర్లు విడదీయాలని చూడకండి. తెగిన పామ్ వేర్లు చాలావరకు చచ్చిపోతాయి, మొక్క మొదలు నుంచి కొత్తవి రావాల్సి ఉంటుంది.

నేలలో నాటడం

మంచి అదను మృగశిర కార్తె దాటి తొలకరి పడ్డాక, జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా. పామ్ వేరు వెచ్చటి నేలలో బాగా పాకుతుంది, నవంబరు జడివానలకు ముందే మొక్క నిలదొక్కుకుంటుంది. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో నాటకండి.

మన ఎర్రగరుసు నేలలో పైన అడుగు మట్టి బాగున్నా కింద రాయిలా ఉండొచ్చు. గొయ్యి తీశాక నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి, మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు మూడు నాలుగు గంటల్లో ఇంకితే బాగున్నట్టు. మర్నాటి ఉదయానికి కూడా నిలిచి ఉంటే గడ్డపారతో అడుగు పొర పగలగొట్టాలి. అదీ కుదరకపోతే అడుగు ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. గొయ్యి వెడల్పు మట్టి ముద్దకు రెండింతలు ఉండాలి, లోతు మాత్రం ముద్ద ఎత్తు ఎంతో అంతే. తీసిన మట్టిలో మూడో వంతు ముతక ఇసుక, రెండు గంపల బాగా మాగిన పశువుల ఎరువు, పావుకిలో వేపపిండి కలిపి నింపండి. మాగని పేడ వేయొద్దు. అందులో మొవ్వును తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు లోతుగా పాతడం. మొక్క పడిపోకుండా గట్టిగా ఉంటుందని కాండం మొదలును నాలుగైదు అంగుళాలు మట్టిలో పూడ్చేస్తారు. వేర్లకు గాలి అందక, ఆరు నెలలకు కొత్త ఆకులు పాలిపోయి వస్తాయి. ఇనుము లోపం అనుకుని మందులు కొడతారు, అసలు రోగం లోతు. నర్సరీ ముద్ద పైభాగం, నేల మట్టం సమానంగా ఉండాలి. గాలికి వాలుతుందనుకుంటే మూడు వెదురు కర్రలు ఊతంగా పెట్టి మెత్తటి గుడ్డతో కట్టండి. కాండానికి మేకు కొట్టకండి. పామ్ కాండానికి అయిన గాయం పూడదు, అలాగే ఉండిపోతుంది.

పడమర ఎండ తగిలే సిమెంటు గోడకు కనీసం మూడడుగులు ఎడం ఉంచండి. సూర్యుడు దిగాక కూడా ఆ గోడ వేడి కక్కుతూనే ఉంటుంది.

కుండీ, మిద్దె

మిద్దె మీద పామ్ చచ్చేది ఆకు మాడి కాదు, వేరు ఉడికి. మే నెల మధ్యాహ్నం మూడింటికి నల్ల ప్లాస్టిక్ కుండీ పడమర వైపున అరచేయి ఆనించి చూడండి, రెండు క్షణాలు కూడా ఉంచలేరు. లోపల ఆ గోడను ఆనుకునే వేర్లు ఉంటాయి. నల్ల గ్రో బ్యాగులు, నల్ల ప్లాస్టిక్ కుండీలు ఈ ఊళ్లకు పనికిరావు. మట్టి కుండీ చెమర్చి చల్లబడుతుంది కాబట్టి అది అన్నిటికన్నా మేలు, నీళ్లు మాత్రం ఎక్కువ అడుగుతుంది. సిమెంటు కుండీ అయితే బయట తెల్ల సున్నం వేయండి. ఉన్నది ప్లాస్టిక్కే అయితే దాన్ని నాలుగు అంగుళాలు పెద్ద కుండీలో దింపి, నడుమ సందులో ఇసుక నింపి, ఆ ఇసుకను తడిగా ఉంచండి. రెండు కుండీలకూ అడుగున రంధ్రం ఉండాలి. ఏ కుండీనైనా శ్లాబు మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద ఎత్తండి.

మట్టి పాళ్లు: ఎర్రమట్టి రెండు, ముతక ఇసుక రెండు, మాగిన ఎరువు ఒకటి, కొబ్బరి పొట్టు ఒకటి. పద్నాలుగు అంగుళాల కుండీకి అదనంగా 100 గ్రాముల వేపపిండి కలపండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండుసార్లు నీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి వాడండి. పాళ్లు మించి వేస్తే ఎండాకాలం అది ఆరి కుంచించుకుపోయి, పోసిన నీళ్లు కుండీ అంచు వెంబడి కిందికి జారిపోతాయి. మొక్క వేర్లు కింది రంధ్రంలోంచి బయటికి వచ్చినప్పుడే కుండీ మార్చండి, అదీ రెండు అంగుళాలు పెద్దదానిలోకే, జూన్ దాటాక.

నీడ

యాభై శాతం గ్రీన్ నెట్ చాలు. తొంభై శాతం నెట్ కట్టేస్తే మొక్క సాగి, కాడలు బలహీనపడతాయి. పైన కప్పడం కన్నా పడమర, నైరుతి వైపు తెరలా దించడం ముఖ్యం, ఎందుకంటే కాల్చేది మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతి ఏటవాలు ఎండ. నెట్ ఆకులకు తగలకుండా అడుగు ఎడం ఉండాలి, తగిలినచోట రాపిడికి, వేడికి ఆకు చీలుతుంది. కొబ్బరి మట్టల దడి కట్టగలిగితే నెట్ కన్నా చల్లగా ఉంటుంది. మార్చి రెండో వారంలో కట్టి, మృగశిర వానలు పడ్డాక తీసేయండి. నవంబరులో నెట్ ఉంటే మొవ్వు దగ్గర తడి ఆరదు.

నీళ్లు

రెండంగుళాల లోతుకు వేలు గుచ్చి చూడండి, పొడిగా తగిలితేనే పోయండి. కింది లెక్కలు మొదలుపెట్టడానికి మాత్రమే. నేలలో నాటిన మూడడుగుల ఫీనిక్స్‌కు ఎండాకాలం రోజు విడిచి రోజు 8 నుంచి 10 లీటర్లు. గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్లు రెండు, కాండానికి అడుగు దూరంలో చెరోవైపు పెట్టి గంటంపావు వదిలితే అంతే అవుతుంది. కొత్తగా నాటిందైతే మొదటి రెండు వారాలు రోజూ. పద్నాలుగు అంగుళాల కుండీకి ఏప్రిల్, మే నెలల్లో రోజూ రెండు మూడు లీటర్లు, అడుగు రంధ్రంలోంచి కొంచెం కారేదాకా. జూలై నుంచి రెండు మూడు రోజులకోసారి. నవంబరు ముసురులో కుండీ కింది పళ్లెం తీసేయండి, నేలలో పాదు గట్టు ఒకవైపు తెంచి నీళ్లు బయటికి పోనివ్వండి.

పోసే వేళ తెల్లవారుజాము నుంచి ఏడు లోపు. మధ్యాహ్నం మిద్దె ట్యాంకు నీళ్లు, ఎండలో పడున్న పైపులోని నీళ్లు చేయి కాలేంత వేడిగా ఉంటాయి. ఎప్పుడు పోసినా మొదట ఆ వేడి నీళ్లు పక్కకు వదిలేయండి. పాదులోనే పోయండి, మొవ్వు మీద పోయకండి. బోరు నీళ్లు మొవ్వులో ఆరితే ఉప్పు మిగులుతుంది, ఆరకపోతే కుళ్లు మొదలవుతుంది.

బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందంటే మీ బోరు నీళ్లలో సున్నం, లవణాలు ఎక్కువ. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరుతో చూస్తే 500 లోపు ఏ పామ్‌కైనా పర్వాలేదు. 1000 దాటితే అరెకా, చామెడోరియా ఆకుల కొసలు గోధుమ రంగుకు మాడతాయి, ఫీనిక్స్ కొంత ఓర్చుకుంటుంది. వాటర్ ఫిల్టరు నుంచి వృథాగా పోయే నీళ్లను మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. పొదుపు మంచిదే, కానీ ఆ నీళ్లలో లవణాలు బోరు నీళ్లకన్నా ఎక్కువ. పామ్‌లకు వద్దు. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, బోరు నీళ్లతో సగం సగం కలిపి పోస్తే కుండీ మొక్కలు తేరుకుంటాయి. ఎండాకాలం నెలకోసారి కుండీలో 40 లీటర్ల దాకా నీళ్లు మెల్లగా పోసి లవణాలను కిందికి కడిగేయండి. కొంచెం కొంచెం చిలకరించడం వల్లే ఉప్పు పేరుకుంటుంది.

పాదులో మూడంగుళాల మందాన ఎండుటాకులో, చెరకు పిప్పో, మన దగ్గర తేలిగ్గా దొరికే వేరుశనగ పొట్టో పరచండి. కాండానికి నాలుగంగుళాల మేర ఖాళీ వదలాలి. చెద పట్టకుండా పరిచే ముందు గుప్పెడు వేపపిండి చల్లండి.

ఎరువు, ఆకు చెప్పే లోపం

పామ్‌కు నత్రజని కన్నా పొటాష్ ఎక్కువ కావాలి. ఉత్త యూరియా వేస్తే నాలుగు రోజులు పచ్చబడి, తర్వాత పొటాష్ లోపం బయటపడుతుంది. మూడు నాలుగడుగుల మొక్కకు, అంటే సుమారు చదరపు మీటరు పాదుకు, ఒక్కో దఫాకు: యూరియా 15 గ్రాములు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 20 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 30 గ్రాములు, కిలో వర్మీకంపోస్టు. ఫిబ్రవరిలో, జూన్ చివర్లో, సెప్టెంబరులో, మూడు దఫాలు. ఎర్ర పొటాష్ చవకే గానీ అందులో క్లోరైడ్ ఉంటుంది, ఉప్పు నీళ్లు వాడేచోట వద్దు. అరెకా, చామెడోరియాలకు సూపర్ ఫాస్ఫేట్ వేయకండి, దానిలోని ఫ్లోరైడ్‌కు కొసలు మాడతాయి. కుండీకి యూరియా, పొటాష్, మెగ్నీషియం పైన చెప్పినదాంట్లో పావు వంతు, ఐదు లీటర్ల నీళ్లలో కరిగించి, వారం తేడాతో రెండు విడతలుగా, తడి మట్టి మీద పోయండి.

ఆకు పసుపైందంటే ముందు అది పాత ఆకా, కొత్త ఆకా చూడండి. కింది పాత మట్టల మీద పసుపు, నారింజ చుక్కలు పడి కొసలు ఎండుతుంటే పొటాష్ లోపం. పాత మట్ట అంచులు పసుపు పట్టీలా మారి నడుమ పచ్చగా ఉంటే మెగ్నీషియం. కొత్త ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము. ముందు లోతు, నీళ్లు నిలవడం సరిచూసుకుని, అప్పుడే మందు. సున్నపు నేలలో 'ఈడీటీఏ' అని రాసి ఉండే మామూలు ఇనుము మందు పనిచేయదు, 'ఈడీడీహెచ్ఏ' అని రాసి ఉన్న రకం అడగండి. కొత్త ఆకు చిన్నగా, నలిగి, కాలినట్టు వస్తే మాంగనీసు. లీటరుకు 2 గ్రాముల మాంగనీసు సల్ఫేట్ సాయంత్రం పిచికారీ చేయండి.

పొటాష్ లోపంతో పసుపైన పాత మట్టలను అందం కోసం కోసేయొద్దు. మొక్క ఆ ముసలి ఆకుల్లోంచి పొటాష్ లాక్కుని మొవ్వుకు పంపుతుంది. అవి కోస్తే లోపం పై మట్టలకు ఎక్కుతుంది. పూర్తిగా ఎండిన మట్టే కోయాలి. గడియారంలో తొమ్మిదికి, మూడుకి గీత గీస్తే దానికి పైనున్న పచ్చి మట్ట ఒక్కటీ కోయకూడదు. పచ్చి గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు కూడా వస్తుంది.

పురుగు, కుళ్లు

ఎండాకాలం ఎర్రనల్లి. ఆకు మీద దుమ్ము పట్టినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. ఆకు అడుగుకు తగిలేలా పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి, మూడు రోజులకోసారి చొప్పున మూడుసార్లు. ఇది ఉదయం చేస్తే సాయంత్రానికి మొవ్వు ఆరిపోతుంది. తగ్గకపోతే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్లు, పొద్దు కుంకాక. గంధకం పొడి మందు మాత్రం ఎండల్లో కొట్టకండి, ఆకు కాలుతుంది. విచ్చుకున్న ఆకులు కత్తెరతో కోసినట్టు ఆంగ్ల 'వి' ఆకారంలో ఉంటే కొమ్ము పురుగు వచ్చింది. 50 గ్రాముల వేపపిండి, 100 గ్రాముల ఇసుక కలిపి మొవ్వు చుట్టూ మట్టల మొదళ్లలో వేయండి.

వానాకాలం మొవ్వు కుళ్లు. మొవ్వు రంగు పోయి వాలుతుంది. రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే ఊడి వచ్చి, అడుగున గోధుమ రంగు జిగురు, కుళ్లిన వాసన ఉంటాయి. అప్పుడే చెట్టు పీకేయకండి. ఊడిన మొవ్వును తీసి దూరంగా కాల్చేయండి. లోపలి మెత్తటి కుళ్లును శుభ్రమైన చెంచాతో తెల్లటి గట్టి భాగం తగిలేదాకా తీయండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి ఆ గుంటలో పోయండి, రెండు వారాలకు ఇంకోసారి, అంతకు మించి వద్దు. రాగి ఎక్కువైనా లేత గుజ్జు మాడుతుంది. పైన వాన పడకుండా పాలిథిన్ గొడుగులా కట్టి, పక్కల గాలి ఆడనివ్వండి. పాదు నీళ్లు సగానికి తగ్గించండి. కింది పచ్చి మట్టలన్నీ అలాగే ఉండాలి, మొక్కకు అన్నం పెట్టేది అవే.

బతికితే రెండు మూడు నెలల్లో ఆ గుంటలోంచి కొస తెగినట్టు, ముడతలు పడి, పొట్టిగా ఒక ఆకు వస్తుంది. వికారంగా ఉందని కోయకండి. అది బయటికి రావడం మొదలైన రోజే మార్కర్ పెన్నుతో మళ్లీ గీత గీయండి. గీత కదులుతుంటే రెండో ఆకు సగం సరిగా వస్తుంది, మూడోది మామూలుగా విచ్చుకుంటుంది.